చెల్క పోయిన ఇంటికి మందలింపు

తెల్లారగట్ల ఫోన్ మోగిందంటే నా వ్యాపారంలో అది పెళ్లి కబురు కాదు, చావు కబురే. పెళ్లివాళ్లు సాయంత్రాలు తీరిగ్గా వస్తారు, టీ తాగుతారు, స్టేజీ డిజైన్లు ఫోన్‌లో చూపిస్తారు, బేరం తెగక మళ్లీ వస్తామని లేస్తారు. చావువాళ్లు ఒక్క మాట చెప్పి పెట్టేస్తారు. ఇబ్రహీంపట్నంలో టెంట్‌హౌస్ పెట్టిన నాటి నుంచీ ఇదే వరస. ఆ రోజు ఫోన్ చేసింది చేపల అత్త కొడుకు. "అన్నా, అమ్మ పోయింది. టెంట్ గావాలె" అన్నాడు. నిద్రలోనే పోయిందట.

నాకు ముందు గుర్తొచ్చింది అత్త కాదు, మా అన్న. ఈ మాట అన్నకు ఎట్లా చెప్పాలి, చెప్పినాక ఏమైపోతాడు అని భయపడ్డాను. ఎందుకు భయపడ్డానో చెప్పాలంటే ముందు ఆమె సంగతి చెప్పాలి.

ఆమె మాకు చుట్టం కాదు. వాళ్లు చేపలు పట్టేవాళ్లు, మేం సేద్యం చేసేవాళ్లం. ఊరి వరసన నాకు అత్త. మనిషి పొట్టి, మోకాళ్లు రెండూ అరిగి పక్కలకు ఊగుతూ నడిచేది. మెయిన్ రోడ్డు పక్కన నీలం కవరు పరుచుకుని చేపలమ్మేది. గిరాకీ లేనప్పుడు దారిన పోయేవాళ్లను ఆపి ఊళ్ల మంచిచెడ్డలు అడిగేది. ఎక్కడ చావైందని విన్నా మిగిలిన చేపలు పక్కామె గంపలో పోసి, ఇంటికి పోయి స్నానం చేసి, ముక్కుపొడి రంగు చీర ఒకటి ఉండేది, అది కట్టుకుని బయల్దేరేది. ఆ చీర దేనికో అందరికీ తెలుసు. అది కట్టుకుని ఆమె సందులో కనిపిస్తే, ఎవరు పోయారత్తా అని అడిగేవాళ్లు.

పుస్తకాల తెలుగులో మందలించడమంటే తిట్టడం. మా దిక్కు మందలింపంటే కష్టమొచ్చిన ఇంటికి పోయి కూర్చుని, ఎట్లయిందని అడిగి రావడం. కూలి పోయినా సరే, బస్సు దొరక్కపోయినా సరే, పోవాల్సిందే. పెళ్లికి పోకపోతే మర్చిపోతారు గానీ మందలింపుకు పోకపోతే చచ్చేదాకా గుర్తుపెట్టుకుంటారు. అందుకే చాలామంది మొహం చూపించడానికి పోతారు. ఈమె మాత్రం పనికి పోయినట్టు పోయేది. నేను టెంట్ వేసిన ప్రతి చావింటా ఈమె కనిపించేది గనక, ఎట్లా చేసేదో చాలాసార్లు చూశాను.

కుర్చీలో కూర్చునేది కాదు. నేను వేసిన కుర్చీల వరసను దాటుకుని లోపలికి పోయి, ఇంటామె పక్కన నేల మీద కూలబడేది. "ఎట్లయింది బిడ్డా?" అని అడిగేది. ఇంటామె మొదలుపెట్టేది. పొద్దున చాయ్ తాగిండు, ఛాతీల నొస్తుందన్నడు, ఆటో దొర్కలే... ఎవరైనా మధ్యలో వచ్చి, ఊకో, ఊకో, ఏడ్వకు అన్నారో, ఈమె కళ్లెర్ర చేసేది. "నీకేం తొందరొచ్చింది? చెప్పనియ్యి ఆమెను." ఇంటామె చెప్పి ముగించాక, పొద్దున చాయ్‌లోకి ఏం తిన్నాడని మళ్లీ వెనక్కి తీసుకుపోయేది. నాకు మొదట్లో ఇది పుండు మీద కారం చల్లినట్టు అనిపించేది. తర్వాత్తర్వాత గమనించాను. అంతా చెప్పుకున్న ఆడవాళ్లు సాయంత్రానికి ఇన్ని నీళ్లు తాగేవాళ్లు, పిల్లలు తిన్నారా అని అడిగేవాళ్లు.

నా కుర్చీలంటే ఆమెకు పడేది కాదు. "నీ కుర్చీలొచ్చినంక సావులల్ల ఏడ్పు వోయింది అల్లుడా" అనేది. "కింద గూసుంటే ఏడ్పొస్తది. కుర్చీల గూసుంటే ఫోనొస్తది."

"మరి మోకాళ్లు నొస్తయి గద అత్తా అందరికి?"

"నాకు నొస్తలేవా?"

కుర్చీలు మానేస్తే టెంట్‌హౌస్ మూసుకోవాలి. భూములకు ధరలొచ్చాక మా దగ్గర చావులు కూడా పెద్దవయ్యాయి. కార్లలో వస్తారు, దండ వేస్తారు, ఫోటో దిగుతారు, పది నిమిషాల్లో వెళ్లిపోతారు. శేరిగూడ కాలేజీ ఫేర్‌వెల్‌కు పంపినన్ని కుర్చీలు ఒక్కో చావింటి దినానికి పంపిన రోజులున్నాయి. నేను బాగుపడింది ఆ రోజుల్లోనే, అబద్ధమెందుకు?

మా మెట్ట పొలం, చెల్క అంటాం, అమ్మింది కూడా అప్పుడే. మన్నెగూడ పోయే దారిలో, రోడ్డుకు కొంచెం లోపలగా, తుమ్మల చెల్క అనేవాళ్లం. ఎర్రనేల. జొన్న, ఆముదం, కంది, చివర్లో పత్తి. అది చేసింది అన్నే. నేను చిన్నప్పటి నుంచే పొలం పనికి దొంగను. చుట్టూ అందరూ అమ్మేశారు, మధ్యలో మాది మిగిలింది. బండి బాట కూడా లేకుండా పోతుందని భయపెట్టారు. అన్న చాలా రోజులు ఊగిసలాడి, పిల్లలూ నేనూ పోరుపెడితే సంతకం పెట్టాడు.

రిజిస్ట్రేషన్ అయిన ఆదివారం దావత్ చేశాం. మా దగ్గర అది ఆనవాయితీ అయిపోయింది. భూమి అమ్మినవాళ్లు మేకను కోయకపోతే పిసినారులంటారు. టెంట్ నాదే. అన్నే నిలబడి అందరికీ వడ్డించాడు. వచ్చినవాళ్లందరూ వీపు తట్టి, నీకేం ఫికరే ఇగ, మస్తు పైసలొచ్చినయ్ అన్నారు. అన్న అందరికీ నవ్వుతూనే తలూపాడు.

తర్వాత వారం నుంచి మాట తగ్గింది. తెల్లారే లేచి, అలవాటు కొద్దీ చెప్పులేసుకుని గేటు దాకా పోయి, ఎటు పోవాలో తెలియక నిలబడేవాడు. పిల్లలు కొత్త కారు తెస్తే ఎక్కలేదు. కంచం ముందు కూర్చుని లేచేవాడు. ఏమైందే అంటే ఏం లేదనేవాడు. వదినె ఆయనను ఒక్కడిని బయటికి పోనిచ్చేది కాదు, లోపల గొళ్లెం పెట్టుకోనిచ్చేది కాదు. ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. పైకి ఎవరమూ అనలేదు.

తిప్పని చోటు లేదు. ఒకాయన గాలి సోకిందన్నాడు, నిమ్మకాయలు కోశాడు. తుక్కుగూడ దిక్కున ఇంకొకాయన భూదేవి అలిగింది, మేక కావాలన్నాడు. మేమప్పటికే ఒక మేకను కోసి ఉంటిమి. పట్నంలో డాక్టరు నిదానంగా అన్నీ విని, ఇది జబ్బే, మందులు వాడాలని గోలీలు రాశాడు. గోలీలతో నిద్ర పట్టింది. మాట మాత్రం రాలేదు. చుట్టాలైతే ఒక్కటే పాట, ఇంత పైసలు పెట్టుకుని రందేంది ఈయనకు? నిజానికి వాళ్ల తప్పు కూడా కాదు. చావుకు ఎట్లా ఏడవాలో మాకు తెలుసు, పంట పోతే ఎట్లా ఏడవాలో తెలుసు. లాభానికి భూమి అమ్మి మేకను కోసినవాడు ఏడిస్తే, ఆ ఇంటికి పోయి ఏమనాలో ఎవరికీ తెలియదు. అందుకని ఎవరూ రాలేదు.

ఒకరోజు పొద్దున అత్త వచ్చింది. ముక్కుపొడి రంగు చీరలో వచ్చింది. గేటు దగ్గర ఆ చీర చూసి వదినె మొహం పాలిపోయింది.

"మా ఇంట్ల ఎవలు సచ్చిన్రని వచ్చినవ్?" అంది వదినె, దారికి అడ్డంగా నిలబడి. ఆమె మామూలుగా ఎవరినీ ఒక మాట అనే మనిషి కాదు. "బతికున్న మనిషి లోపలున్నడు. ఆ చీరతోని గడప తొక్కకు."

"చెల్క వోయింది గద బిడ్డా" అంది అత్త. "మందలియ్యనీకొచ్చిన. నెల దాటింది, ఎవలన్న వచ్చిన్రా?"

వదినె పక్కకు జరిగి దారి ఇచ్చింది. నేను ఆపుదామనుకున్నాను గానీ ఆమెను ఆపడం నా తరమా?

అన్న మంచం మీద గోడ వైపు చూస్తూ కూర్చుని ఉన్నాడు. ఈమె కింద కూర్చుని మోకాళ్లు సర్దుకుని, "ఎట్లయింది బిడ్డా?" అంది. అన్న గోడ వైపు నుంచి తల తిప్పలేదు. ఆమె రెండోసారి అడగలేదు, శోకం ఎత్తుకుంది.

"ఓ చెల్కమ్మా... సద్ది గట్టుకొని నీ కాడికొచ్చెటోడు గదనే తల్లీ... ఇయ్యాల సద్ది వట్టుకొని ఏడికి వోవాలె తల్లీ... ఎద్దుల పేరు దెల్సు నీకు, ఆని అడుగు దెల్సు నీకు, రాళ్లు పాతంగ చెప్పకపోతివే తల్లీ..."

ఇంటి ముందు సందులో జనం ఆగారు. బతికున్న ఇంట్లో శోకమేంది, అశుభమని ఎవరో అంటున్నారు. అన్న మెల్లగా మంచం దిగి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత ఏడ్చిన ఏడుపు నేనెన్నడూ వినలేదు, మా నాయన పోయిన రోజు కూడా వినలేదు. కొన్నవాళ్లు చెల్కలోని మా బాయిని, అదే బావిని, పూడ్చిన రోజు తానొక్కడే పోయి చూశాడట. ఆ సంగతి మాకు ఆ పూటే తెలిసింది. అత్త అన్నీ అడిగింది. ఏ దిక్కు నుంచి పూడ్చిన్రు? మోటరు ఏం జేసిన్రు? గట్టు మీది రేగు చెట్టు ఉన్నదా? అన్న చెబుతూనే ఉన్నాడు.

పోయేటప్పుడు వదినె చెయ్యి పట్టుకుంది. "డాక్టరిచ్చిన గోలీలు మానిపియ్యకు" అంది. గేటు దాకా నేను తోడు పోయాను. నీకు ఈ ఆలోచన ఎట్లా వచ్చిందత్తా అని అడిగాను. ఆమె కాసేపు మోకాలు రుద్దుకుంది.

"మా చెరువెండినప్పుడు యాదికున్నదా నీకు? ఏండ్లకేండ్లు ఎండింది. మీ మామ వల మడిచి అటుక మీద వెట్టి గమ్మున గూసున్నడు. నేను పట్నం నుంచి చేపలు దెచ్చి అమ్మి ఇల్లు నడిపిన, మనిషిని జూస్తనే లేను. ఎవలన్న వచ్చి, చెరువు వోయిందటగదా అని అడిగిన్రా? ఒక్కలు అడగలే. ఆయన సచ్చినంక అందరొచ్చిన్రు."

అంతే అంది. ఆమె భర్త గురించి ఆమె నోట విన్నది ఆ ఒక్కసారే.

మూడో రోజు మళ్లీ వచ్చింది, పిట్టకు పెట్టాలని. మా దగ్గర మనిషి పోయిన మూడో రోజు వాళ్లకిష్టమైనవి వండి, విస్తరిలో పెట్టి, దూరంగా నిలబడతాం. పిట్ట వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో మనసులో ఉన్నట్టు లెక్క. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే మాటిస్తారు, పిల్లను మంచిగ చూసుకుంటం, ఇల్లు అమ్మం, కొట్లాడుకోం అని. మాటలు వింటే పిట్ట వస్తుంది. భూమికి ఇది చేసినవాళ్లు లేరు. వదినె ఈసారి అడ్డు చెప్పలేదు. జొన్న గటక వండింది, పచ్చిపులుసు చేసింది.

మా చెల్కను కలుపుకుని వేసిన వెంచర్ గేటుకు పెద్ద ఆర్చి కట్టారు. లోపల సిమెంటు రోడ్లు, రంగు జెండాలు, పాతిన రాళ్లు. వాచ్‌మన్ ఎదురొచ్చి, ప్లాట్ చూడనీకొచ్చిన్రా అని అడిగాడు. "ఇదివరకే చూసినం" అన్నాడు అన్న. అన్ని రోజుల తర్వాత కొత్తమనిషితో అన్న మాట్లాడిన మొదటి మాట అది. బాయి ఉన్న చోటును అన్నే గుర్తుపట్టాడు. అత్త అక్కడొక రాయి మీద విస్తరి పెట్టింది. ముగ్గురం దూరంగా నిలబడ్డాం.

పిట్ట రాలేదు. ఎట్లా వస్తుంది, ఒక్క చెట్టు మిగిల్చితే కదా! అత్త నావైపు చూసింది. నేను ఏదో అనాలి గనక, నీ పైసలు పాడు చెయ్య తల్లీ అన్నాను. పిట్ట నన్ను నమ్మలేదు. "నువ్వియ్యి బిడ్డా మాట. నీ కోసమే జూస్తున్నదది" అంది అన్నతో. అన్న నోరు తెరిచాడు, మూశాడు. చానాసేపు నిలబడ్డాం. చివరికి వాచ్‌మన్ గది వెనక నుంచి కుక్క ఒకటి వచ్చి, తాపీగా విస్తరి నాకేసి పోయింది.

"అయిపోయిందా అత్తా?" అన్నాను.

"కుక్క తింటే లెక్కల రాదు. ఇంకోపారొద్దాం. తొందరేమున్నది?"

ఆ వారమే అన్నను నిద్రకు తీసుకుపోయింది. చావైన ఇంటివాళ్లను చుట్టాలు తమ ఇంటికి తీసుకుపోయి ఒక రాత్రి పడుకోబెట్టడం మా ఆచారం. వాళ్లింట్లో చేపల పులుసు తిని, మర్నాడు ఎండెక్కేదాకా పడుకున్నాడట. గోలీలు మానలేదు. మెల్లగా నా టెంట్‌హౌస్‌కు రావడం మొదలుపెట్టాడు. టెంటు పట్టాలు ఆరేస్తాడు, డేగిసాలు తోమిస్తాడు, తాళ్లు చిక్కులు తీస్తాడు. మాటలు పొదుపే గానీ అన్నం తినేవాడు.

రోడ్డు మీద ఎప్పుడు కనిపించినా అత్త అడిగేది. "ఎప్పుడు వోదాం బిడ్డా?"

"ఈ పెండ్లిళ్లు గానీ అత్తా" అనేవాడు అన్న. లేకపోతే వానలు పడనీ అనేవాడు.

"మంచిగ. నేను ఏడికి వోతున్న?"

ఏండ్ల తరబడి ఇదే మాట, ఇదే జవాబు. ఆమె ఎన్నడూ ఒత్తిడి చేయలేదు, మానుకోనూ లేదు. అన్న ఆ రాయి దగ్గర ఏమనలేకపోయాడో నాకు తెలుసు, వదినెకు తెలుసు. అది అననంత కాలం మా ఇద్దరికీ కంటి మీద కునుకు తక్కువే. అత్త అడుగుతూ ఉన్నంత కాలం మనిషి ఉంటాడని ఒక మొండి ధైర్యం. ఇప్పుడు అడిగే మనిషి పోయింది.

దుకాణానికి పోయేసరికి అన్న అప్పటికే తాళం తీసి ఉన్నాడు. నా మొహం చూసి అడిగాడు, "ఎవలు?"

చెప్పాను. ఆయన చేతిలోని తాడు చుట్టడం ఆపలేదు, మొత్తం చుట్టి పక్కన పెట్టాడు. ఆటోలో టెంటూ పట్టాలూ ఎక్కించాడు. నేను కుర్చీలు ఎక్కించబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆమెకు వద్దు" అన్నాడు. అత్త కొడుకు మాత్రం కార్లలో వచ్చేవాళ్లున్నారని రెండోసారి ఫోన్ చేసి తెప్పించుకున్నాడు. కొడుకును కూడా అనలేం.

చావింట అన్న నేల మీద కూర్చున్నాడు. ఏడవలేదు. రెండు రోజులు తిండి సరిగా తినలేదు. వదినె మళ్లీ రాత్రుళ్లు గొళ్లెం వైపు చూడడం మొదలుపెట్టింది. నన్ను పక్కకు పిలిచి, "నాకు భయమైతుంది" అంది. నాకూ భయంగానే ఉందని చెప్పాను.

మూడో రోజు చెరువు కట్ట కింద ఆమె పేరున పిట్టకు పెట్టారు. చేపల పులుసు, అన్నం, ఇంత కల్లు. విస్తరి పెట్టి వెనక్కి తిరగకముందే కాకులు దిగాయి. ఎవరూ మాటివ్వాల్సిన పని పడలేదు. మనసులో ఏదీ దాచుకునే మనిషి కాదు కదా అని ఆడవాళ్లు అనుకున్నారు. నేను బండి స్టార్ట్ చేశాను. అన్న వెనక కూర్చుని, "మన్నెగూడ దిక్కు పోనియ్యి" అన్నాడు. అప్పుడు చూశాను, ఆయన చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. పొద్దున్నే గటక వండమంటే వదినె ఎందుకని అడగకుండా వండి ఇచ్చిందట.

వెంచర్లో అక్కడక్కడ ఇళ్లు లేస్తున్నాయి. మా బాయి ఉన్న ప్లాట్ ఇంకా ఖాళీగానే ఉంది. అన్న రాయి మీద విస్తరాకు పరిచాడు, డబ్బా బోర్లించాడు, రెండడుగులు వెనక్కి వచ్చి చేతులు కట్టుకున్నాడు. ఆకాశంలో ఏమీ లేదు. ఎండ అప్పుడే ముదురుతోంది.

"నువ్వు వోయినంక నేను గూడ నీ ఎనుకనే వస్త అనుకున్న" అన్నాడు నేలతో. గొంతు మామూలుగానే ఉంది, పక్క మనిషితో మాట్లాడినట్టు. "శానా దినాలు గదే అనుకున్న. నిన్నటిదాంక గూడ." ఆగాడు. "రాను. చెప్పి పోదామని వచ్చిన."

నా కళ్లు నిండిపోయి ఏమీ కనపడలేదు. అన్న ఖాళీ డబ్బా మూత పెట్టుకుని, "నడువు, మీ వదినె ఎదురుచూస్తుంటది" అన్నాడు. పిట్ట కోసం మేం ఆగలేదు.